‘ఖాళీ చెయ్’ అంటే లేచి పోవాలా?

(ములుగులో ఆదివాసీ యువత తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా పెడుతున్నాం.)



ఈ పొద్దు నాకు ఇచ్చిన అంశం చూడ్డానికి చిన్నది. ఓనరు ఖాళీ చెయ్యమంటే ఏం చెయ్యాలె? పోడు మీద, ముంపు మీద, గనుల మీద మనం గంటలు గంటలు మాట్లాడుకుంటం. ఒక కోయ రైతును ముప్పై ఏండ్లుగా దున్నుతున్న మూడెకరాల కౌలు భూమి నుంచి పంపిస్తే మాత్రం ధర్నా ఉండదు, పేపర్ల వార్త రాదు. ఒక పొద్దుగాల ఓనరు కొడుకు బండి మీద వస్తడు. గట్టు మీద నిలబడి, తన తండ్రి వయసున్న మనిషితో, "ఈ యాసంగి కోసినంక భూమి ఇడిసిపెట్టు, ఇగ మేమే చేసుకుంటం" అంటడు. మనోడు తల ఊపుతడు. ముప్పై ఏండ్ల సాగు అక్కడికి తెగిపోతది.

ఆ తల ఊపుడు గురించే నా మాటంతా.

మొదట ఒకటి పట్టుకోండి. ఓనరు "ఖాళీ చెయ్" అనడం అడగడమే. అది ఉత్తర్వు కాదు. భూమి నుంచి గానీ ఇంట్లోంచి గానీ ఒక మనిషిని బలవంతంగా లేపే అధికారం ఓనరుకు ఏ చట్టమూ ఇవ్వలేదు. పోలీసులకూ ఇవ్వలేదు. కోర్టో, చట్టం పేరు పెట్టి చెప్పిన అధికారో, విచారణ జరిపి, రాతపూర్వకంగా చెప్పాలి. ఈ ముక్క మైదానంలో ఉన్నా, ఏజెన్సీలో ఉన్నా, హన్మకొండలో అద్దె గదిలో ఉన్నా ఒకటే. కాబట్టి ఎవరన్నా వచ్చి పొమ్మంటే మన నోటి నుంచి రావాల్సిన మొదటి మాట "సరే" కాదు, "లేదు" కూడా కాదు. "కాగితం మీద రాసివ్వు, మా వాళ్లతో మాట్లాడి చెప్త" అనాలె. గొడవ పడాల్సిన పని లేదు. గొడవ పడితే కేసు మన మీదికి తిప్పుతరు.

ఏజెన్సీలో ఓనరును కాగితం అడిగితే ఏమైతదో చెప్త. చాలాసార్లు ఆయన కాగితం ఇయ్యడు. ఎందుకియ్యడు? మనం కౌలు చీటీ లేదని భయపడుతుంటం. ఆయనకు మనకంటే పెద్ద భయం ఉంది. ఆ భూమి ఆయనకు ఎట్ల వచ్చిందని ఎవరన్నా అడుగుతరేమో అని.

అదెట్లనో వివరంగా చూద్దాం. 1/70 అన్న మాట మీరందరూ విన్నదే, గోడల మీద రాసిందే. కానీ చట్టాన్ని చదివినోళ్లు తక్కువ. 1959లో షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన వచ్చింది. మన తెలంగాణ ఏజెన్సీకి అది 1963 డిసెంబర్ 1 నుంచి వర్తించింది. గోదావరి అవతల వాజేడు, వెంకటాపురం అప్పుడు భద్రాచలం ఏజెన్సీలో, అంటే ఆంధ్ర ప్రాంతంలో ఉండేవి గనుక అక్కడ 1959 నుంచే ఉంది. దానికి 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన సవరణే 1/70. ఏం మార్చింది అది? అంతకుముందు ఆదివాసీ భూమిని గిరిజనేతరుడు కొనకుండా ఆపేది. 1970 నుంచి అమ్మేవాడు ఎవరైనా సరే, గిరిజనేతరుడైనా సరే, ఏజెన్సీ భూమి మళ్లీ గిరిజనేతరుడి చేతికి పోవడానికి వీల్లేదు. ఆదివాసీకి, లేదా ఆదివాసీలు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి ఇస్తేనే చెల్లుతది. దీన్ని సవాలు చేస్తూ పోయినోళ్లకు 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. 1997 సమత తీర్పులో ఆ కట్టడి ప్రభుత్వానికి కూడా ఉందన్నది.

ఈ చట్టంలో రెండు మాటలు కౌలుదారుకు ప్రాణం లాంటివి.

ఒకటి, "బదలాయింపు" అంటే ఏమిటన్నది. మనవాళ్లు అమ్మకం ఒక్కటే అనుకుంటరు. కాదు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి, భూమికి సంబంధించిన ఒప్పందం, అన్నీ దాంట్లోకే వస్తయి. అంటే ఏజెన్సీలో ఆదివాసీ తన భూమిని గిరిజనేతరుడికి కౌలుకిస్తే ఆ కౌలే చెల్లదు. గిరిజనేతరుడు ఆదివాసీకి కౌలుకిస్తే మాత్రం ఈ చట్టం అడ్డుపడదు. మీరు ఓనరు దగ్గర కౌలుకు తీసుకోవడం నేరమని ఎవరన్నా బెదిరిస్తే నమ్మకండి. చట్టం ఆపేది భూమి మన చేతిలోంచి పోవడాన్ని, మన చేతికి రావడాన్ని కాదు.

రెండోది సెక్షన్ 3 లో ఉన్న ఊహ. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి ఏదైనా, కాదని ఆయన రుజువు చేసేదాకా, ఆదివాసీ నుంచి వచ్చిందనే అధికారి అనుకోవాలి. మామూలు తగాదాలో కేసు వేసినోడు రుజువు చెయ్యాలి. ఇక్కడ ఆ బరువు ఓనరు నెత్తి మీద ఉంది. "నీ భూమి నాదని నిరూపించు" అని ఆయన మనల్ని అడుగుతున్నప్పుడు, చట్టం అదే ప్రశ్న ఆయన్ను అడుగుతున్నది. గట్టు మీద నిలబడిన ఆ అబ్బాయికి ఇది తెలవకపోవచ్చు. వాళ్ల నాయనకు బాగా తెలుసు. అందుకే ముప్పై ఏండ్లుగా కౌలు చీటీ రాయలేదు, బస్తాలు తీసుకుని రసీదు ఇయ్యలేదు, ఇప్పుడు కోర్టుకు పోకుండా కొడుకును పంపిండు.

అట్లని గిరిజనేతరుడి చేతిలో ఉన్న ప్రతి గుంటా అక్రమమని మీటింగుల్లో చెప్పినట్టు ఇక్కడ చెప్పను. చెప్తే మీరు కేసు వేసి ఓడిపోయి నన్ను తిడుతరు. ఈ నిబంధన రాకముందు నుంచి, నిజాం కాలం సేత్వార్ నుంచి పట్టా ఉన్న గిరిజనేతర కుటుంబాలు ఉన్నయి. 1970 ఫిబ్రవరి 3 కు ముందు ఒక గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడి దగ్గర సక్రమంగా కొన్న భూములు ఉన్నయి. తండ్రి నుంచి కొడుక్కు వారసత్వంగా వచ్చుడు బదలాయింపు కాదు. ఇవన్నీ చెల్లుతయి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాకు పాత తేదీ వేసినవి, దగ్గర పనిచేసే పాలేరు పేరున కొని తాను అనుభవిస్తున్నవి, 1970 తర్వాత బంధువుల మధ్య చేతులు మారినవి, ఇవి వేరే లెక్క. (బినామీల సంగతి ఒక్క మాట చెప్పి పోత. మన ఊళ్లల్లో తన పేరునే పట్టా ఉన్న భూమిలో కౌలు కడుతున్న మనుషులు ఉన్నరు. పట్టా పుస్తకం మాత్రం సావుకారి బీరువాలో ఉంటది. అసొంటి మనిషిని ఖాళీ చెయ్యమంటే, ఎవరిని ఎవరు ఖాళీ చేయించాలె?)

కాబట్టి ముందు చూడాల్సింది మీ ఊరు ఏజెన్సీనా కాదా అని. ములుగు జిల్లాలో ఇది తమాషా వ్యవహారం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో పాత ములుగు తాలూకాకు ఊరి పేర్లు ఒక్కొక్కటి రాసిండ్రు. అందుకే పక్కపక్క ఊళ్లల్లో ఒకటి ఏజెన్సీ, ఒకటి మైదానం కావచ్చు. మండలం పేరు చూసి నిర్ణయించుకోవద్దు, ఊరి పేరు చూడాలె. మంగపేట మండలంలో 23 గ్రామాల మీద ఏండ్ల తరబడి కొట్లాట నడిచింది. అవి షెడ్యూల్డ్ ప్రాంతం కాదని గిరిజనేతరులు పోయిండ్రు. అవి ఐదో షెడ్యూల్ కిందికే వస్తయని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును చాలామంది సర్పంచ్ ఎన్నికల తీర్పుగా, రిజర్వేషన్ల తీర్పుగా చూసిండ్రు. నాకు మాత్రం అది ఆ 23 ఊళ్లల్లో ఉన్న కౌలుదారు తీర్పు. ఒక ఊరు షెడ్యూల్డ్ ప్రాంతమైతే గట్టు మీద నిలబడిన ఓనరు కాగితం చూపించాల్సినోడైతడు.

ఊరు ఏజెన్సీదే, ఓనరు గిరిజనేతరుడే, ఆయన హక్కు మీద అనుమానం ఉంది. అప్పుడు దారి ఎల్టీఆర్ కేసు. ఏటూరునాగారం ఐటీడీఏ పరిధిలో గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్, మనం ఎస్డీసీ కోర్టు అంటమే, అక్కడ దరఖాస్తు పెట్టాలె. సంబంధం ఉన్న ఎవరైనా పెట్టొచ్చు. ఒక ప్రభుత్వ ఉద్యోగి సమాచారమిచ్చినా, అధికారి తనంతట తాను అయినా విచారణ మొదలుపెట్టొచ్చు. అక్కడ ఓడినోళ్లు ఏజెంటు, అంటే కలెక్టర్ దగ్గరికి అప్పీలుకు పోతరు. ఆ తర్వాత ప్రభుత్వం దగ్గరికి, ఆ తర్వాత హైకోర్టుకు. ఏండ్లు పడతది. అది కూడా ముందే తెలుసుకొని దిగండి.

ఇక్కడ మనం దాటేసే ఒక ముడి ఉంది. దాని దగ్గర కొంచెం ఆగుదాం.

కేసు గెలిచిండ్రనుకుందాం. భూమి ఎవరికి పోతది? దున్నుతున్న కౌలుదారుకా? కాదు. చట్టం ప్రకారం ఎవరి దగ్గర నుంచి భూమి పోయిందో ఆ ఆదివాసీకి, లేదా వారసులకు తిరిగి ఇయ్యాలె. వాళ్లు తీసుకోమన్నా, ఎక్కడున్నరో తెలవకపోయినా అప్పుడే వేరే ఆదివాసీకి గానీ, ఆదివాసీ సంఘానికి గానీ కేటాయించేది. అంటే ఇప్పుడు సాగుచేస్తున్నది ఒక కోయ కుటుంబం, యాభై ఏండ్ల కింద అప్పుకు పోగొట్టుకున్నది మరో కోయ కుటుంబం. రెండో కుటుంబం పక్క గూడెంలోనే ఉండొచ్చు. వాళ్ల మనవడు ఈ రూములోనే కూచోని ఉండొచ్చు. కేసు నడిచినన్ని రోజులు వీళ్లిద్దరూ ఒక దిక్కు. ఉత్తర్వు వచ్చిన రోజు ఎదురెదురు. ఓనరు ఇది కనిపెట్టి ఒకరికి డబ్బిచ్చి రాజీ కాగితం రాయించుకుంటే కేసు అక్కడికే కూలిపోతది.

దీనికి కోర్టులో మందు లేదు, గూడెంలో ఉంది. దరఖాస్తు పెట్టకముందే రెండు కుటుంబాలూ పెద్దల ముందు కూచోవాలె. భూమి వస్తే ఎవరికి పేరు, ఎవరికి సాగు, ఎన్నేండ్లు, పాలు ఎంత, అని మాట్లాడుకోవాలె. ఆదివాసీ ఆదివాసీకి కౌలుకిస్తే 1/70 కు అభ్యంతరం లేదు, కాబట్టి ఇప్పుడున్న కౌలుదారు అదే భూమిలో, ఈసారి చీటీ రాసుకుని, నిలబడొచ్చు. ఆ మాటను గ్రామసభలో పెట్టండి. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి పరాయిపాలు కాకుండా ఆపే అధికారం, అక్రమంగా పోయిన ఆదివాసీ భూమిని తిరిగి ఇప్పించే చర్య తీసుకునే అధికారం గ్రామసభకు ఉండాలని చెప్పింది. గ్రామసభ తీర్మానం ఒక్కటే భూమి తేదు. కానీ ఎస్డీసీ ముందు ఆ కాగితం ఉంటే ఇది ఒక మనిషి కక్ష కాదు, ఊరి మాట అని తెలుస్తది. రాజీ చేసుకోవాలనుకునే వాడికి కూడా ఊరు గుర్తొస్తది.

ఓనరు పట్టా సక్రమమైందే అనుకుందాం. లేదా ఊరు మైదానంలో ఉంది. అప్పుడు మనకేం లేదా? ఉంది. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడు, సాయుధ పోరాటం వేడిలో, 1950 కౌలుదారీ చట్టం వచ్చింది. ఇప్పటికీ బతికే ఉంది, వాడేటోళ్లు లేరంతే. దాని సెక్షన్ 32 ప్రకారం కౌలుదారు చేతిలో ఉన్న భూమిని గానీ, అతడుండే ఇంటిని గానీ తహసీల్దారు ఉత్తర్వు లేకుండా ఓనరు తీసుకోవద్దు. ఓనరు దరఖాస్తు పెట్టాలె, తహసీల్దారు విచారించాలె. కౌలుదారు తనంతట తాను భూమి వదులుకోవడం కూడా ఇంటికాడ సంతకంతో కాదు. రాతపూర్వకంగా ఉండాలె, తహసీల్దారు ముందు ఒప్పుకోవాలె, అది మనస్ఫూర్తిగా చేసిందేనని ఆయనకు నమ్మకం కలగాలె. అందుకని "ఇష్టపూర్వకంగా వదిలేసిన" అని ఎవరన్నా బాండు పేపరు మీద సంతకం తీసుకుంటే భయపడి ఇంటికాడ కూచోకండి. దాన్ని సవాలు చెయ్యొచ్చు.

ఇంకా ఉంది. ఈ చట్టం కింద 1950ల మొదట్లో రక్షిత కౌలుదార్ల రిజిస్టరు తయారైంది. రక్షిత కౌలుదారు హక్కు వారసులకు వస్తది. సెక్షన్ 38-ఇ అని ఒకటుంది. దాని కింద అర్హత ఉన్న రక్షిత కౌలుదార్లే భూమికి యజమానులయ్యిండ్రు. తెలంగాణలో ఎక్కువ జిల్లాలకు 1973 జనవరి 1 తేదీ లెక్క. మీ తాత పేరు ఆ రిజిస్టరులో ఉందేమో చూసినోళ్లు ఎందరు? కౌలుదారు అని మీరు అనుకుంటున్న మనిషి రికార్డులో యజమాని కావచ్చు. ఒక్క జాగ్రత్త. వాజేడు, వెంకటాపురం వాళ్లకు ఈ 1950 చట్టం కాదు. అది పాత హైదరాబాద్ ప్రాంతానికి మాత్రమే. అక్కడివాళ్లు 1/70 దారే మొదట చూడాలె.

మాట కాదు, బలం వచ్చిందనుకోండి. ట్రాక్టరుతో వచ్చి నాటిన మిరప తోటను దున్నేసిండ్రు, మోటరు పీకేసిండ్రు, సామాను బయట పడేసి తాళమేసిండ్రు. అప్పుడు లెక్క మారుతది, రోజులు లెక్కబెట్టాలె. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 3(1)(జి) చదవండి. ఆదివాసీని అతడి భూమి నుంచి గానీ ఇంటి నుంచి గానీ అక్రమంగా వెళ్లగొట్టుడు, భూమి మీద, నీటి మీద, అటవీ హక్కుల మీద అనుభవానికి అడ్డం పడుడు, పంట నాశనం చేసుడు, పంట ఎత్తుకపోవుడు, అన్నీ నేరాలే. ఇల్లు, ఊరు విడిచిపోయేటట్టు చేసుడు దాంట్లోనే (జడ్) క్లాజు. "అక్రమంగా" అన్న మాటకు చట్టం వివరణ ఇచ్చింది. మన ఇష్టానికి వ్యతిరేకంగా, సమ్మతి లేకుండా, చంపుతమనో కొడతమనో భయపెట్టి తీసుకున్న సమ్మతితో, దొంగ రికార్డులు పుట్టించి, ఇవన్నీ దాని కిందికొస్తయి. ఇందాకటి తల ఊపుడు గుర్తుందా? నలుగురు గూండాలను వెంటబెట్టుకొచ్చి ఊపించిన తల సమ్మతి కాదు.

ఎఫ్ఐఆర్ తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి. ఈ కేసులు దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. అయితే ఇది ఎస్సీ, ఎస్టీలు కానోళ్ల మీద పనికొచ్చే చట్టం. ఓనరు కూడా ఎస్టీ అయితే ఇది వర్తించదు. సక్రమంగా నోటీసిచ్చి కోర్టుకు పోయిన ఓనరు మీద దీన్ని వాడకండి. వాడితే రేపు నిజంగా దెబ్బతిన్న మనిషి కేసును కూడా ఎవరూ నమ్మరు.

అదే టైములో స్వాధీనం వెనక్కి తెచ్చుకునే దారి వేరే చూసుకోవాలె. రెండు నెలల లోపల అయితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ దగ్గర పాత 145 సెక్షన్, ఇప్పటి కొత్త చట్టంలో 164. అక్కడ భూమి ఎవరిది అన్నది చూడరు, ఎవరి చేతిలో ఉంది అన్నదే చూస్తరు. ఆరు నెలల లోపల అయితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6. అక్కడా పట్టా ప్రశ్న రాదు. చట్టం దారిలో కాకుండా లేపిండ్రా లేదా, అంతే. కౌలు చీటీ లేనోళ్లకు ఇంతకంటే పనికొచ్చే సెక్షన్ లేదు. ఆరు నెలలు దాటితే ఆ తలుపు మూసుకపోతది. ప్రభుత్వం మీద అది నడవదు. ఏజెన్సీ గ్రామంలో సివిల్ కేసు ఏ కోర్టులో, ఏ అధికారి ముందు వెయ్యాలన్నది వకీలును మొట్టమొదట అడగండి. తప్పు చోట వేస్తే ఆ ఆరు నెలలు అక్కడే కరిగిపోతయి.

వకీలుకు పైసలు ఎక్కడివి అంటరు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలె. 15100 కు ఫోన్ చెయ్యొచ్చు.

ఇన్ని చెప్పినా, చేతిలో ఏదో ఒకటి లేకపోతే ఏ చట్టమూ కదలదు. "సార్, నేను ముప్పై ఏండ్లుగా దున్నుతున్న" అంటే అధికారి అడిగేది "ఏది చూపించు" అని. ఇంతకుముందు పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది. పట్టా ఎవరిదైనా దున్నేవాడి పేరు అక్కడ పడేది. ధరణి వచ్చినంక అది పోయింది. రైతుబంధు 2018లో మొదలైనప్పుడు పైసలు పట్టాదారు ఖాతాలోనే పడ్డయి, కౌలుదారుకు కాదు. అప్పటి నుంచి దున్నేవాడి పేరు ఎక్కడా పడకుండా చూసుకునుడు ఓనర్లకు అలవాటైంది. వడ్లు అమ్మితే కూడా ఓనరు పాస్ పుస్తకం మీదనే. 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం వచ్చింది. దాన్ని మొదట ప్రయోగంగా పెట్టిన నాలుగు మండలాల్లో మన వెంకటాపూర్ ఒకటి. అర్జీలు తీసుకున్నప్పుడు పట్టాదార్లు బారులు కట్టిండ్రు. దున్నేటోళ్లు మనకేం సంబంధం అని ఇంటికాడనే ఉండొద్దు.

అందుకని పాత పహాణీలు తియ్యండి. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి మొదలుపెట్టి, 1963, 1970 చుట్టుపక్కల ఏండ్లవి తప్పకుండా. తహసీల్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు అడగండి. ఇయ్యకపోతే సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజులు. 1965లో పట్టాదారు ఒక కోయ పేరు ఉండి, 1975లో గిరిజనేతరుడి పేరు ఉందంటే, మధ్యలో ఏం జరిగిందో ఓనరు చెప్పుకోవాలె. కొత్తవి కూడా పోగు చెయ్యండి. ఎరువుల బిల్లు మీ పేరున తీసుకోండి. కౌలు పైసలు చేతికియ్యకండి, ఫోన్‌పే కొట్టండి, కింద "మూడెకరాల కౌలు, వానాకాలం" అని రాయండి. వాట్సాప్‌లో ఓనరుకు "బస్తాలు పంపినం, ముట్టినయా" అని మెసేజ్ పెట్టండి. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టినా మనకు పనికొస్తది. మీ నాయనకు ఇవి రావు, మీకు వచ్చు. ఊళ్లె ఉండే కౌలుదారు ఇంట్లో పదో తరగతి చదివిన పిల్ల ఒక్కతి ఉంటే చాలు, ఈ పని అంతా అయితది.

సంతకం గురించి ఇంకొక్క మాట. ఈ మధ్య ఓనర్లు తెలివిమీరి "జీతగాడిగా పనిచేస్తున్న" అని రాయించుకుంటున్నరు. కౌలుదారు కాదు, కూలీ అని తేల్చడానికి. నెలకింత జీతం ముట్టింది అని కూడా దాంట్లో ఉంటది. చదవకుండా వేలిముద్ర పెట్టొద్దని ఇంట్లో ముసలోళ్లకు చెప్పండి.

ఇప్పుడు అద్దం తిప్పుదాం. గోదావరి ఒడ్డున మిరప పండే ఊళ్లల్లో ఓనరు మనోడు, కౌలుదారు బయటి నుంచి వచ్చిన పెట్టుబడిదారు. కౌలు పైసలు ముందే ఇస్తడు, పెండ్లికో ఆసుపత్రికో మనవాళ్లు తీసుకుంటరు. మూడేండ్లకని రాసుకున్నది పదేండ్లయితది. సొంత భూమిలో కూలికి పోతరు. ఖాళీ చెయ్యమంటే "నా బాకీ కట్టు" అంటడు. అసొంటి కౌలు మొదలే చెల్లదని ఇందాక చెప్పిన. అక్కడ ఖాళీ చేయించే దారి కూడా ఎల్టీఆర్ కేసే. ఉల్లంఘనకు ఏడాది దాకా కఠిన జైలు శిక్ష ఈ నిబంధనలోనే ఉంది. కానీ మన పక్షమైనా ట్రాక్టరు తీసుకపోయి ఆయన తోట దున్నకండి. పైగా ఆ పైసలు ఎందుకు తీసుకోవాల్సొచ్చిందో ఊరు మాట్లాడుకోకపోతే, ఈ కౌలుదారు పోయినంక ఇంకొకడొస్తడు.

టౌనులో గదుల్లో ఉండి చదువుకునేటోళ్లు ఇక్కడ సగం మంది ఉన్నరు. మీ సంగతి తొందరగా చెప్త. నెలవారీ అద్దెకు ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఓనరు 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసియ్యాలె. అద్దె నియంత్రణ చట్టం 1960ది ఉంది గానీ, కొత్త ఇండ్లకూ, అద్దె ఒక పరిమితి దాటిన ఇండ్లకూ అది వర్తించదు. మీరుండే గదులు చాలావరకు దాని బయటే. నోటీసిచ్చి, గడువు పెట్టి, అడ్వాన్సు తిరిగిస్తే చాలాసార్లు వేరే గది చూసుకునుడే నయం. పరీక్షకు నెల ముందు కేసు పెట్టుకోమని నేను చెప్పను. కానీ రాత్రికి రాత్రి తాళం మారిస్తే, సర్టిఫికెట్లు లోపల పెట్టుకుంటే, ఊరుకోవద్దు. పోలీస్ స్టేషన్‌కు పోండి. ఆరు నెలల సెక్షన్ మీకూ ఉంది.

ఇక అందరికంటే పెద్ద ఓనరు అటవీ శాఖ. దాని మీద వేరే తరగతి ఉంది గనుక ఒక్కటే చెప్త. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) ప్రకారం, హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో ఉన్న ఆదివాసీని లేపొద్దు. క్లెయిము తిరస్కరించినోళ్లను వెళ్లగొట్టాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 13న చెప్పి, అదే నెల 28న ఆ ఉత్తర్వును నిలిపేసింది. మన తాడ్వాయి మండలం జలగలంచలో 2017 సెప్టెంబర్‌లో గొత్తికోయల గుడిసెలు కూల్చిండ్రు. పోడు దరఖాస్తు ఇస్తే రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే ఆ మాట రాతలో అడగండి, దాని మీద అప్పీలు ఉంది.

మేడారం కథ మనకు చిన్నప్పటి నుంచి చెప్తరు. తగాదా మొదలైంది కప్పం మీద. కరువొచ్చింది, పంట లేదు, కట్టలేమన్నడు పగిడిద్దరాజు. కాకతీయ రాజు సైన్యాన్ని పంపిండు. ఇప్పుడు దాన్ని పండుగగా చేసుకుంటున్నం, మొక్కు తీర్చుకుంటున్నం. నేను చదువుతున్నప్పుడల్లా అది కౌలు తగాదా లెక్కనే కనిపిస్తది నాకు.

సరే, ఇంక మాటలు ఆపుదాం. మధ్యాహ్నం భోజనం అయినంక సర్వే నంబర్లు తెచ్చినోళ్లు ముందు వరసలో కూచోండి. మంగపేట నుంచి వచ్చినోళ్లవి ముందు చూద్దాం, దూరం పోవాలె వాళ్లు. పహాణీ నకలు ఎవరి దగ్గర ఉన్నా మడత పెట్టకుండా తీయండి. లేనోళ్లకు సమాచార హక్కు దరఖాస్తు ఇక్కడే రాయిస్త, కోర్టు ఫీజు స్టాంపు తెచ్చుకోండి.